గ్రీన్ టీని నమ్మి చొక్కా తీసేయొద్దు

సంపాదకుడు గారికి,

ఎండాకాలం వచ్చిందంటే చాలు, పత్రికల అనుబంధాల్లో, ఫోన్లో తిరిగే వీడియోల్లో ఒకటే మాట. గ్రీన్ టీ తాగండి, గ్రీన్ టీ క్రీము రాసుకోండి, ఎండ మీ చర్మాన్ని ఏమీ చేయదు అని. మా దేవరకొండ షాపుల్లోనూ ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసిన ఫేస్‌వాష్‌లు, క్రీములు వరసగా పేర్చి కనిపిస్తున్నాయి. బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి ఇందులో నిజమెంతో చెప్పాలనిపించి రాస్తున్నాను.

నిజం లేకపోలేదు. గ్రీన్ టీ ఆకులో కాటెచిన్లు అనే పదార్థాలుంటాయి. వాటిలో ముఖ్యమైనది ఈజీసీజీ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీసి వాపు పుట్టిస్తాయి. ఈ పదార్థాలు ఆ వాపును తగ్గిస్తాయని, దెబ్బతిన్న డీఎన్‌ఏ బాగుపడేందుకు తోడ్పడతాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. మనుషుల చర్మం మీద పూసి చూసినప్పుడూ కమిలిన ఎరుపు తగ్గింది. జర్మనీ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో 60 మంది మహిళలను తీసుకున్నారు. కాటెచిన్లు దండిగా ఉన్న పానీయం 12 వారాలు తాగినవాళ్లకు ఆ ఎరుపు 25 శాతం తగ్గింది. అయితే ఇంగ్లండ్‌లో 50 మందితో చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో రోజుకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాటెచిన్లు ఇచ్చినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మొదటి ఫలితం గురించి ఎన్నోసార్లు చదివాను, రెండోదాన్ని మన పత్రికల్లో ఎవరూ రాయగా చూడలేదు.

పోనీ 25 శాతమే అనుకుందాం. అది ల్యాబ్‌లో దీపం కింద కొంచెం చర్మం మీద చూసిన లెక్క. మే నెలలో మన నల్లగొండ ఎండలో బత్తాయి కాయ కోసేవాళ్లకు, ఉపాధి పనుల్లో కందకాలు తవ్వేవాళ్లకు ఆ లెక్క ఏ మూలకు? పైగా ఈజీసీజీ గాలి తగిలితే రంగు మారి బలం తగ్గిపోయే పదార్థం. కడిగేసుకునే ఫేస్‌వాష్‌లో ఉంటే ఎంతసేపు పనిచేస్తుంది? మనం మరిగించుకునే చాయ్‌పత్తిలోనైతే తయారీ దశలోనే కాటెచిన్లు చాలావరకు వేరే పదార్థాలుగా మారిపోతాయి.

మా ఊళ్ల ఆడవాళ్లకు ఎండను ఆపే పద్ధతి ఎప్పటినుంచో తెలుసు. చీర మీద మగవాళ్ల పాత ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుంటారు. తలకు తువ్వాలు చుట్టి, కొసను చెవుల మీదుగా మెడ వెనక్కి జారవిడుస్తారు. నేత దగ్గరగా, రంగు ముదురుగా ఉన్న బట్ట కిరణాలను బాగా ఆపుతుంది. పలచటి తెల్ల నూలుబట్ట చెమటకు తడిస్తే ఆ శక్తి తగ్గుతుంది. ఇది ఏ డబ్బా మీదా రాసి ఉండదు. మొన్న కూలికి వెళ్లే ఒక అమ్మాయి, డిగ్రీ చదువుతూ సెలవుల్లో పనికి పోతోంది, "ఈ క్రీము రాస్తే చొక్కా ఏసుకోకున్నా ఏం గాదంట గదా మేడం?" అని అడిగింది. ఆ డబ్బా తిప్పి చూస్తే ఎండను ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె ఎక్కడా లేదు. అంటే అది సన్‌స్క్రీన్ కానే కాదు. ఆ పిల్ల ఒక రోజు కూలి పెట్టి కొన్నది.

తాగే విషయంలో ఇంకో చిక్కుంది. టీలోని ఈ పదార్థాలే మనం తినే తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వాళ్లకు భోజనంతో పాటు గ్రీన్ టీ తాగమని సలహా ఇవ్వడం తప్పు. తాగాలనుకుంటే భోజనానికి గంటో రెండు గంటలో ఎడం పెట్టుకోవాలి. ఇక మాత్రల జోలికి పోవద్దు. రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ మాత్రలుగా వేసుకుంటే కాలేయానికి ముప్పు ఉండొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే హెచ్చరించింది.

నన్ను ఎక్కువ భయపెడుతున్నది దీని తర్వాతి మెట్టు. గ్రీన్ టీ క్రీముతో మంగు మచ్చలు పోలేదని షాపులో చెబితే చేతికొచ్చేది స్టెరాయిడ్ క్రీము. రాసిన కొత్తలో మొహం తెల్లబడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎండ తగిలితే మండుతుంది, మానేస్తే ఎర్రగా పొంగుతుంది. ఇలాంటి పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. మండల కేంద్రాల్లో అది అమలవుతోందా అని ఔషధ తనిఖీ అధికారులు ఎండలు ముదరకముందే చూడాలి.

పనిచోట తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె, పిల్లలకూ విరామానికీ నీడ ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాసుకున్నారు. చాలాచోట్ల ఆ నీడ తుమ్మచెట్టు కిందే వెతుక్కోవాల్సి వస్తోంది. టెంట్లు ఏప్రిల్ మొదటి వారానికే చేరాలి, పని ఉదయం పది, పదకొండు గంటలకల్లా ముగించాలి. మీరు కూడా అందం చిట్కాలు అచ్చేసేటప్పుడు, గ్రీన్ టీ సన్‌స్క్రీన్‌కు గానీ బట్టకు గానీ బదులు కాదని పక్కనే ఒక్క వాక్యం వేయించండి.

— ఒక పాఠకురాలు, దేవరకొండ, నల్లగొండ జిల్లా