కాటా ఇవతల నుంచి బావకి ఉత్తరం

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? ఇక్కడ అమ్మకి మోకాళ్ళ నొప్పి తప్ప అందరం బాగానే ఉన్నాం.

మొన్న వాయుగుండం వార్త చూసి నువ్వు ఫోన్ చేసినప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను. కిరాణా కొట్టు నిండా జనం. చివర్లో నువ్వు ఒక మాటన్నావు. "కష్టకాలంలో మనుషుల సంగతి తెలియాలంటే కొట్టు దగ్గర నిలబడి చూస్తే చాలురా, అందరూ స్వార్థపరులే" అని. 2020 మార్చిలో మెల్‌బోర్న్‌లో టాయిలెట్ పేపర్ కట్టల కోసం జనం తోసుకోవడం కళ్ళారా చూశావు కాబట్టి అలా అన్నావు. కానీ నాన్న పోయినప్పటి నుంచి నేను ఈ కాటా వెనకే నిలబడి ఉన్నాను కదా, నాకు అలా అనిపించదురా. నాకేం అనిపిస్తుందో చెప్పాలని షట్టర్ దించేసి కూర్చున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ రాత్రి సంగతి చెప్తాను. 2020 మార్చి 24, మంగళవారం. రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి దేశమంతా 21 రోజులు లాక్‌డౌన్ అన్నారు. ఎనిమిదిన్నర అయ్యేసరికి కళింగపట్నం రోడ్డు మీద మన కొట్టు ముందు తిరునాళ్ళే. మామూలు రోజుల్లో పది బస్తాల బియ్యం పోతే గొప్ప. ఆ రాత్రి గంటన్నరలో ముప్పై పైనే పోయాయి. చీటీ లేదు, బేరం లేదు, ధర కూడా అడగలేదు. చేతికి అందింది పట్టుకుపోవడమే.

ఆ హడావిడిలో కూడా ఎవరేం పట్టుకెళ్తున్నారో నేను గమనించాను. ఎదురుగా ఉన్న మాస్టారు నీకు గుర్తున్నారు కదా, రిటైరయ్యారు. ఆయన నాలుగు బస్తాలు కావాలన్నారు. ఇంట్లో ఇద్దరే మనుషులు! "ఎందుకు మాస్టారూ?" అంటే, "చిన్నప్పుడు మా అమ్మ పక్కింటికి గ్లాసుడు బియ్యం అప్పుకి పంపేది బాబూ, నేనే వెళ్ళేవాణ్ణి" అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, పెన్షన్ వస్తోంది, కొడుకులు డబ్బు పంపిస్తారు. ఆ గ్లాసు మాత్రం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

ఆ తర్వాత అందర్నీ అలాగే చూడటం మొదలుపెట్టాను. పసిపిల్లల తల్లి పాలపొడి డబ్బాల దగ్గరకి పోయింది, బియ్యం వైపు చూడలేదు. హాస్టల్లో పెరిగిన కుర్రాడు పచ్చడి సీసాలు, బిస్కెట్లు తీసుకున్నాడు. తుఫాన్లు తిన్న ఊళ్ళ వాళ్ళు అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, బ్లీచింగ్ పౌడరు అడిగారు. వచ్చింది రోగం, గాలివాన కాదు, అయినా చెయ్యి అటే పోయింది. భయం పట్టినప్పుడు మనిషి ఒకప్పుడు దేనికి అలమటించాడో దాన్నే ముందుగా పట్టుకుంటాడురా బావా. నాకు ఈ ఒక్కటే తెలిసింది, కానీ చాలాసార్లు తెలిసింది.

కూలి పని చేసుకునేవాళ్ళు మాత్రం ఆ రాత్రి కూడా ఎప్పుడూ కొనేదే కొన్నారు. రెండు కిలోల బియ్యం, పావు కిలో పప్పు, చిన్న నూనె ప్యాకెట్. వాళ్ళకి భయం లేక కాదు, జేబులో ఉన్నది ఆ రోజు కూలి అంతే. నువ్వు సూపర్‌మార్కెట్‌లో చూసిన జనంలో వీళ్ళు లేరు. బండి నింపుకోవడానికి ముందు బండి నింపేంత డబ్బుండాలి కదా.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది అవుతుండగా నాకూ భయం పట్టుకుంది. లారీలు ఆగిపోతే? అమ్మ, పిల్లలు ఏం తింటారు? నాలుగు బస్తాలు వెనక గదిలో పడేసి, పైన గోనెసంచులు కప్పాను. తొమ్మిదిన్నరకి తాపీపని కూలీ భార్య వచ్చింది, చంకలో పిల్ల. రెండు కిలోలు అడిగింది. "అయిపోయింది అమ్మా" అన్నాను. ఆమె నా ముఖం చూడలేదురా, నా వెనకాల గది తలుపు వైపు చూసింది. "సర్లెండి బాబూ" అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఆ నాలుగు బస్తాలూ నేనే మోసుకొచ్చి కొట్టు ముందు అరుగు మీద, అందరికీ కనిపించేలా పేర్చాను. ఆమెకి కబురు పెట్టాను. వచ్చింది, రెండు కిలోలే అడిగింది, ఐదు తూచాను. డబ్బు తర్వాత ఇద్దువుగాని అన్నాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అడగాల్సింది.

అయితే ఆ రోజు నా కళ్ళ ముందే ఒక వింత జరిగింది. బస్తాలు బయట కనిపిస్తున్నాయా, జనం తక్కువ కొన్నారు! ముందురోజు నాలుగు అడిగినవాళ్ళు ఒకటి చాలన్నారు. ఇంటికి ఒక్క బస్తా అని బోర్డు పెడితే ఇద్దరు తిట్టారు గానీ, మిగతావాళ్ళ ముఖాల్లో టెన్షన్ తగ్గింది. సరుకు దాస్తే భయం పెరుగుతుంది, కనిపిస్తే తగ్గుతుంది. నలుగురున్న ఇంటికి నెలకి పాతిక కిలోల బస్తా ఒకటి, మహా అయితే ఇంకో పది కిలోలు. లాక్‌డౌన్ వచ్చిందని ఎవరూ రెట్టింపు అన్నం తినరు కదా. నెలంతా మెల్లగా పోవలసిన సరుకు ఒక్క రాత్రి పోతే, అంతకంటే వేరే కరువు అక్కర్లేదు. మన జిల్లాలో వరికి కొదవా? మిల్లుల్లో బియ్యం ఉన్నాయి. బస్తాలు ఎత్తే కలాసీలు, లారీ డ్రైవర్లు ఇళ్ళ దగ్గర ఉండిపోయారు. ఆగింది అక్కడ.

నువ్వు చూసిన టాయిలెట్ పేపర్ గొడవా ఇలాంటిదే అనుకుంటాను. అది గదంత చోటు ఆక్రమించే సరుకు. పది కట్టలు తీస్తే షెల్ఫ్ ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ షెల్ఫ్‌ని చూసినవాడు తనకి అవసరం లేకపోయినా ఒకటి పట్టుకుంటాడు. 1973లో చమురు ధరలు పెరిగినప్పుడు జపాన్‌లో, ఒసాకా దగ్గర, సరిగ్గా దీనికోసమే ఆడవాళ్ళు కొట్టు తెరవకముందే క్యూలు కట్టారట. కాగితం దొరకదని పుకారు. వాళ్ళలో యుద్ధం రోజుల్లో రేషన్‌కి నిలబడ్డవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించు.

మనదగ్గర ఉప్పు సంగతి గుర్తుందా? 2016 నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయిన రెండు మూడు రోజులకే ఉత్తరాదిన ఉప్పు అయిపోతోందని పుకారు లేచింది. ఆ వాట్సాప్ మెసేజ్ మన వీధికీ వచ్చింది. ఒకావిడ పది ప్యాకెట్లు ఇమ్మంది. "పిన్నీ, సంతబొమ్మాళి వైపు వెళ్ళి చూడు, నౌపడ మడుల్లో ఉప్పు కుప్పలు కుప్పలుగా ఉంది" అన్నాను. కాసేపు ఆలోచించి, "అవున్రోయ్, మన పక్కనే కదా" అని రెండే పట్టుకెళ్ళింది. చేతిలో నోటు రాత్రికి రాత్రి చెల్లకుండా పోయిన వారం అది. నోటే పోగా లేనిది ఉప్పు పోదా అనుకుంది పాపం. ఆమెని తప్పు పట్టలేను.

లాక్‌డౌన్‌లో ఇంకొకటి చూశాను, ఇది చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. పొద్దున్న కొన్ని గంటలే కొట్లు, ఇంటికి ఒకరే రావాలి. దాంతో ఎన్నడూ సంచీ పట్టని మగవాళ్ళు వచ్చారు. గీత గీసిన గడిలో నిలబడి ఇంటికి ఫోన్: "మినపగుళ్ళా, పొట్టుపప్పా? ఎంత?" అవతల నుంచి ఆమె డబ్బాలో ఎంత మిగిలిందో చూడకుండానే చెప్పేది. ఆడవాళ్ళ చీటీలు చూడాలి నువ్వు, ఒక్క గ్రాము ఎక్కువ ఉండదు. ఒకాయన మూడో వారానికి నాతో, "పదిహేనేళ్ళుగా మా ఇంట్లో నెలకి ఎంత నూనె అవుతుందో నాకు తెలీదురా" అన్నాడు. గొంతులో నిజంగా సిగ్గు ఉంది.

హోటళ్ళు మూసేస్తే వీధికుక్కలు ఏం తింటాయని రోజూ పన్నెండు బన్నులు కొన్న మనిషి ఉన్నాడు. తన ఇంటికి మాత్రం చవక రకం బియ్యమే.

ఇంకా మత్స్యకారుల ఇళ్ళు. వాళ్ళ మగవాళ్ళు వేలమంది గుజరాత్ వేరావల్ రేవులో పడవల మీదే ఉండిపోయారు. పనికి వెళ్ళినవాళ్ళు, మన జిల్లా వాళ్ళూ, విజయనగరం వాళ్ళూ. ఏప్రిల్ ఆఖరుకి గానీ బస్సులు బయలుదేరలేదు. ఒక చెల్లెమ్మ ప్రతి నెలా పాతిక కిలోలు తీసుకునేది. ఆ ఏప్రిల్‌లో రేషన్‌లో ఇచ్చిన బియ్యంతో సరిపెట్టుకుంటానని, చేతిలో ఉన్న డబ్బుతో రెండు ఫోన్లకి రీచార్జ్ చేయించమంది. ఒకటి తనది, ఒకటి పడవ మీద ఉన్న ఆయనది. "మాట వినబడితే ముద్ద దిగుద్ది అన్నయ్యా" అంది. నువ్వు స్వార్థం అన్నావే, ఈ చీటీకి ఏం పేరు పెడతావు?

స్వార్థం లేదని నేననను. కందిపప్పు ధర ఒక్క రోజులో పెంచేసిన హోల్‌సేల్ షాపు ఉంది, పేరెందుకులే. శానిటైజర్లు దాచినవాళ్ళు ఉన్నారు. 200 మిల్లీలీటర్ల సీసా వంద రూపాయలు దాటకూడదని కేంద్రం ఆర్డరు వేయాల్సి వచ్చింది కదా. దాన్ని నేను గట్టిగానే తప్పంటాను. తినడానికి దాచుకోవడం వేరు, అమ్ముకోవడానికి దాచడం వేరు. మాస్టారి నాలుగు బస్తాలనీ, ఆ హోల్‌సేల్ గోడౌన్‌నీ ఒకే గాటన కట్టకు.

మాస్టారి బస్తాల్లో రెండింటికి వానాకాలం పురుగు పట్టింది. ఎండబోసి, చెరిగి, చుట్టుపక్కల ఇళ్ళకి గ్లాసులతో కొలిచి ఇచ్చారు. ఆయనే గుమ్మం గుమ్మానికీ తిరిగి ఇచ్చారురా. నేను మేడ మీంచి చూశాను.

ఇక మొన్నటి సంగతి. నువ్వు ఫోన్ చేసిన రోజు కొట్టులో ఉన్న ముసలమ్మ గురించి చెప్పి ఆపేస్తాను. ఆమెది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటింది అక్కడే. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి తోట నేలకి ఒరిగిపోయింది, జీడి చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, ఏటీఎం పనిచెయ్యలేదు. ఆ రోజుల్లో సరుకు నడిచింది పద్దు పుస్తకాల మీదే. కొన్నాళ్ళకి ఆమె కూతురి ఇంటికి మన వీధికి వచ్చింది. ఆ కార్తీక సోమవారం కొట్టుకొచ్చి, కొబ్బరికాయల బుట్ట ముందు చాలాసేపు నిలబడింది.

"ఏటి బాబూ, కాయ ఎంతేటి?" అంది.

చెప్పాను. కాయ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపింది. నీళ్ళ చప్పుడు విని కళ్ళు మూసుకుంది. "నా పుట్టుక పుట్టి కొబ్బరికాయ కొన్లేదు బాబూ" అంది. కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెడుతుంటే ఆ వేళ్ళు వణికాయి. వద్దమ్మా అన్నాను. ఒప్పుకోలేదు, డబ్బు గల్లా మీద పెట్టే వెళ్ళింది.

అప్పటి నుంచీ ఏ తుఫాను మాట వినబడినా ఆమె కొనేవి ఎప్పుడూ ఇవే: రెండు కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, అర కిలో ఉప్పు, చివర్లో ఒక కొబ్బరికాయ. మొన్న కూడా కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, ఉప్పు తూచి, అలవాటుగా కాయ తీయబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. సంచీలోంచి పచ్చి పీచు ఇంకా వదలని ఒక కాయ తీసి నా కాటా మీద పెట్టింది. తిత్లీ తర్వాత కొడుకు వేసిన మొక్కలట, ఇన్నేళ్ళకి పట్టాయి.

"మా సెట్టుది బాబూ. నీకే" అంది.

అదే సమయానికి నీ ఫోన్ మోగింది. అందుకే సరిగ్గా మాట్లాడలేకపోయాను.

వాయుగుండం మన మీదకి రాలేదులే, వాన పడి వెళ్ళిపోయింది. కాయ దేవుడి గూట్లో పెట్టాను. సంక్రాంతికి వస్తానన్నావు కదా, వచ్చాక కొడదాం. పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
బావ,
శ్రీకాకుళం