ఆ 30 రోజుల సంగతి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయనందుకు తిట్టుకుంటూనే ఉంటావు, క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, చెల్లి పరీక్షలు అయిపోయాయి. సరే, అసలు సంగతికొస్తా. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

2021 అక్టోబరులో మనం పోట్లాడుకున్నాం, గుర్తుందా? పంజాబ్, బెంగాల్, అస్సాంలలో సరిహద్దు కాపలా కాసే బీఎస్ఎఫ్ సోదాలు, అరెస్టులు చేసే పరిధిని సరిహద్దు నుంచి లోపలికి 15 కిలోమీటర్ల నుంచి 50కి పెంచినప్పుడు. గుజరాత్‌లో 80 నుంచి 50కి తగ్గించారు కదా అని నువ్వు, పార్లమెంటును అడక్కుండా ఒక్క నోటిఫికేషన్‌తో ఎలా అని నేను. "చట్టం చదివావా?" అన్నావు. మొన్న చదివాను.

1968 నాటి బీఎస్ఎఫ్ చట్టం, 139వ సెక్షన్. కేంద్రం ఆర్డరు వేసి పరిధి నిర్ణయించొచ్చు, అది అందరం విన్నదే. దాని చివర మూడో ఉపసెక్షన్ ఉంది చూడు! ఆ ఆర్డరును ఉభయ సభల ముందు మొత్తం 30 రోజులు ఉంచాలి. చట్టం చెప్పిన గడువులోగా రెండు సభలూ మార్చమంటే మారుతుంది, వద్దంటే రద్దవుతుంది. చదివి లేచి కూర్చున్నానురా. తాళం చెవి పార్లమెంటు దగ్గరే ఉంది!

కానీ ఎవరూ నోరెత్తకపోతే ఆర్డరు అలాగే నిలుస్తుంది. సభ బల్ల మీదికొచ్చే కాగితాల కట్టలో ఇదీ ఒకటి. ఎవరో ఒక ఎంపీ దాన్ని తీసి చదవాలి, నోటీసివ్వాలి. ఒక్క సభ ఒప్పుకుంటే చాలదు. మెజారిటీ ఉన్న ప్రభుత్వం తన ఆర్డరును తనే ఎందుకు కొట్టేసుకుంటుంది? ఇదే నాకు మింగుడుపడటం లేదు.

హోం శాఖ పని చూడ్డానికి ఎంపీల స్థాయీ సంఘం ఉందిగా అంటావు. ఉంది, 31 మంది. పద్దులు చూస్తారు, అధికారుల్ని పిలిచి అడుగుతారు. కానీ రోజువారీ పాలన జోలికి పోకూడదని నిబంధన, సిఫార్సులు సలహాలే. పోనీ ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద మనమే అడుగుదామా అంటే, 24వ సెక్షన్ బీఎస్ఎఫ్‌ని పక్కన పెట్టేసింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలైతేనే అడగొచ్చు. నిఘా సంస్థ ఐబీకైతే అసలు చట్టమే లేదు! 2011లో ఎంపీ మనీశ్ తివారీ నిఘా సంస్థల మీద ప్రైవేటు బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. బ్రిటన్ 1994లోనే నిఘా సంస్థల్ని గమనించే పార్లమెంటు సభ్యుల కమిటీని చట్టంలో రాసుకుంది.

జవాన్ల మీద కోపం కాదురా. రాత్రంతా కంచె పక్కన నిలబడేవాడికీ తన హద్దెక్కడో తేల్చి చెప్పాలిగా. అందుకే మన ఎంపీకి రాద్దామనుకుంటున్నా. ఒక్కటే అడుగుతా: ఇలాంటి కాగితం మీ ముందుకొస్తే ఆ 30 రోజుల్లో...

అయ్యో, పోస్టు డబ్బా తీసే వేళైంది. పరుగెడుతున్నా. నువ్వూ ఆ సెక్షన్ చదివి రాయి.

నీ
బావ