అమ్మను కూడా అడగండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా అమ్మకు 92 ఏళ్లు. ఆమెను చూసుకునే నాకు 68. రాత్రి రెండింటికి అమ్మ పిలిస్తే లేచి, ఒక చెయ్యి ఆమె వీపు కింద, ఇంకో చెయ్యి మోకాళ్ల కింద పెట్టి మంచం అంచున కూర్చోబెడతాను. లేపేటప్పుడు నా నడుం పట్టేస్తుంది. అమ్మకి తెలియకూడదని పళ్లు బిగించి ఊరుకుంటాను. అయినా తెలిసిపోతుంది. పొద్దున్నే ఇద్దరం ఒకే మాత్రల డబ్బా ముందు కూర్చుంటాం. పై వరుస అమ్మది, కింది వరుస నాది.

వృద్ధుల మాట వచ్చినప్పుడల్లా "ఇంట్లో పిల్లలు చూసుకుంటారు" అనేస్తారు. ఆ పిల్లలం మేమే సార్. మాకూ బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి.

ఆయుష్షు పెరగడం తప్పని నేను అనను. 1950లో ప్రపంచ సగటు ఆయుర్దాయం సుమారు 46 ఏళ్లు. 2019 నాటికి 73 దాటింది. టీకాలు, శుభ్రమైన నీళ్లు, యాంటీబయాటిక్స్ వచ్చాయి కాబట్టే అమ్మ నాకు ఇంకా ఉంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆ 2019లోనే, సగటున ఆరోగ్యంగా గడిచే కాలం 64 ఏళ్ల లోపే. మిగతా తొమ్మిది పదేళ్లు జబ్బుతోనో, చేతకానితనంతోనో గడిచేవి. మంచాన పడ్డాక అవి ఇంకొకరి చేతుల మీద వెళ్లాల్సిందే. ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. అమ్మ కోసం నేను 57వ ఏట ఉద్యోగం మానేశాను. ఆ తర్వాత చేసిన పని ఏ పెన్షన్ లెక్కలోనూ లేదు. 2050 నాటికి 60 దాటినవాళ్లు ప్రపంచంలో 210 కోట్ల మంది ఉంటారంటున్నారు. వాళ్లని లేపి కూర్చోబెట్టేది ఎవరు?

ముసలితనాన్నే వాయిదా వేసే మందుల మీద పరిశోధన జరుగుతోంది. రాపమైసిన్ అనే మందు వయసు మళ్లిన ఎలుకలకి ఇచ్చినా వాటి ఆయుష్షు పెరిగిందని 2009లోనే తేలింది. రేపు అలాంటిది మనుషులకీ వస్తే సంతోషమే. కానీ దేశానికీ దేశానికీ మధ్య ఆయుర్దాయంలో ఇప్పటికే 30 ఏళ్లకు పైగా తేడా ఉంది. డబ్బున్నవాళ్లకే ఇంకో పాతికేళ్లు అమ్మితే అది వైద్యం అనిపించుకోదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టిన విషయం ఇంకొకటుంది. పోయినేడు అమ్మని ఆస్పత్రిలో చేర్చాం. ముక్కులోంచి ట్యూబు వేయాలా వద్దా అని డాక్టరు గారు నన్ను అడిగారు. అమ్మ మెలకువగానే ఉంది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నన్నడగరేం?" అంది. నాకు తల తీసేసినట్టయింది. 92 ఏళ్లు బతికిన మనిషి ముందు నిలబడి, ఆమె బతుకు గురించి నన్ను అడుగుతుంటే నేనూ జవాబు చెప్పబోయాను.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఇంట్లో ముసలివాళ్లని చూసుకునే ఏళ్లని పెన్షన్‌లో కలపండి. నెలలో కొన్ని రాత్రులైనా శిక్షణ ఉన్న మనిషి మా ఇళ్లకి వచ్చేలా చూడండి, మేమూ నిద్రపోవాలి. ఆయుష్షు పెంచే పరిశోధనకి డబ్బు కేటాయించే రోజున సంరక్షణకి ఎంతో కూడా అదే కాగితం మీద రాయండి.

ఆస్పత్రి నుంచి వచ్చాక అమ్మ తనకి ఏ వైద్యం కావాలో, ఏది వద్దో నాతో రాయించి, వణికే చేత్తో సంతకం పెట్టింది. ఆ కాగితం ప్రస్తుతం మాత్రల డబ్బా కింద ఉంది. దాన్ని ఎక్కడ ఇస్తే ఆస్పత్రివాళ్లు చూస్తారో దయచేసి చెప్పండి.

ఇట్లు,
ఒక కూతురు