పిట్టగోడ మీదిది తొండ

దేవరకొండ

ప్రియమైన రవికి,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన ఫొటో చూశాను. మీ పిట్టగోడ మీద తలెత్తి కూర్చున్నది ఊసరవెల్లి కాదు, తొండ. జోడు కట్టే కాలంలో మగ తొండకు తల, మెడ ఎర్రబడతాయి. దాన్ని చూసే మన జిల్లాలో చాలామంది ఊసరవెల్లి అనుకుంటారు.

అసలుది ఈ మధ్య మా బత్తాయి తోట కంచెలో, కానుగ కొమ్మ మీద కనబడింది. తోకతో కలిపి మూరెడు లోపే ఉంటుంది. ఒళ్లు రెండు పక్కలా నొక్కినట్టు పలుచన, తల వెనుక పైకి లేచిన ఎముక, కొమ్మకు చుట్టుకున్న తోక. కాలి వేళ్లు ఒక పక్క రెండు, ఒక పక్క మూడు చొప్పున అతుక్కుపోయి పట్టకారులా కొమ్మను పట్టుకుంటాయి. నేను చూస్తుండగానే ఒక కన్ను నా వైపు నిలిపి, రెండో కంటితో ఆకు కింది మిడతను వెతికింది. ఒంటి పొడవును మించిన నాలుక ఎప్పుడు బయటికి వచ్చిందో, ఎప్పుడు లోపలికి పోయిందో తెలియలేదు, మిడత మాత్రం లేదు.

ఏ చెట్టెక్కితే ఆ రంగుకు మారుతుందనుకోవడం సరికాదు. ఎండ, చలి, భయం, పోటీకి వచ్చిన మరో ఊసరవెల్లి, ఇవీ దాని రంగు మార్చేవి. మడగాస్కర్ జాతి ఒకదానిని పరిశీలించిన జెనీవా శాస్త్రవేత్తలు, చర్మంలోని గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మ స్ఫటికాల మధ్య ఎడం మారినప్పుడు ప్రతిఫలించే వెలుగు రంగు కూడా మారుతుందని 2015లో తేల్చారు.

ప్రపంచంలో రెండు వందలకు పైగా ఉన్న ఊసరవెల్లి జాతుల్లో దాదాపు సగం ఆ మడగాస్కర్‌లోనివే. మన దేశానికి దక్కింది ఒక్కటే. 1768లో లారెంటి అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దానికి సింహళం పేరు కలిపి కెమెలియో జైలానికస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు కానీ, శ్రీలంకతో పాటు గంగకు దక్షిణాన ఉన్న మన దేశంలోనూ, పాకిస్తాన్‌లో కొంత మేరా అది బతుకుతోంది. నల్లమల వంటి పొడి అడవులు, చేల గట్ల మీది చెట్లు దానికి సరిపోతాయి.

దానికి విషం లేదు. అయినా మా కూలీలు కనబడగానే రాయి అందుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం దాన్ని కాపాడుతుందని చెబితే నవ్వుతారు. గుడ్లు పెట్టడానికి ఆడది నేలకు దిగుతుంది, ఆ నిదానపు నడకతో దారి దాటేటప్పుడే ఎక్కువగా దొరికిపోతుంది.

దసరాకు వస్తే రాత్రి టార్చి పట్టుకుని తోటకు వెళ్దాం. నిద్రలో దాని ఒళ్లు పాలిపోతుంది కాబట్టి పగటికంటే రాత్రే సులువుగా కనబడుతుంది. అమ్మకు, వదినకు నమస్కారాలు చెప్పు.

నీ
నరసింహ