అద్దె అడిగే ముందు చప్పట్లు కొట్టి చూడండి

సంపాదక మహాశయా,

సంక్రాంతి దాటితే పాలకొల్లు, భీమవరం, తణుకు, అమలాపురం చుట్టుపక్కల నాటకాలు, నృత్య ప్రదర్శనలు, సంగీత సభలు వరస కడతాయి. కోతలై ఉంటాయి, తుపాను భయం ఉండదు. వేదిక వెతికేటప్పుడు మాత్రం నిర్వాహకులు రెండే అడుగుతున్నారు: కుర్చీలు ఎన్ని పడతాయి, అద్దె ఎంత? ప్రదర్శన చెడేది వేరే చోట.

రాజమహేంద్రవరంలో ఆనం కళాకేంద్రం, కాకినాడలో సూర్యకళామందిరం ఉన్నాయి. చిన్న ఊళ్లో ఎక్కువగా దొరికేది పెళ్లిళ్ల కోసం కట్టిన ఫంక్షన్ హాలు. టైల్స్ నేల, గ్రానైటు గోడలు, అద్దాల తలుపులు, ప్లాస్టిక్ కుర్చీలు. వీటిలో ఏదీ శబ్దాన్ని పీల్చుకోదు. ఖాళీ హాల్లో స్టేజీ మధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ మోత సెకనులోపు అణగిపోతే సంభాషణ బతుకుతుంది. రెండు సెకన్లు సాగిందా, రాగం వినబడుతుంది గానీ పద్యంలో మాట వినబడదు. జనం నిండితే మోత కొంత తగ్గుతుంది, కానీ మొదటి నాటికకే నిండేదెక్కడ? వెనక గోడ స్టేజీకి 55 అడుగులు దాటితే ప్రతిధ్వని విడిగా కూడా వినిపిస్తుంది.

అప్పుడు అందరూ చేసేది మైకు సెట్టు వాల్యూమ్ పెంచడం. మాటతోపాటు మోతా పెరుగుతుంది. చేయాల్సింది వేరు. వెనక గోడకూ పక్క గోడలకూ మందపాటి పాత తెరలు కుచ్చులు పోసి, గోడకు జానెడు ఎడంగా వేలాడదీయాలి. నడవాల్లో జంపఖానాలు పరవాలి. స్పీకర్లను ఎత్తుగా కట్టి, ముఖం గోడల వైపు కాకుండా జనం మీదికి వంచాలి. హాలు పొడవైతే మధ్యలో రెండు చిన్న బాక్సులు పెట్టి ముందరి వాటి శబ్దం తగ్గించుకోవచ్చు. 40 అడుగుల దూరంలో పెట్టే బాక్సుకు దాదాపు 35 మిల్లీసెకన్ల డిలే ఇవ్వాలి, అంటే ముందరి స్పీకర్ల శబ్దం అక్కడికి చేరేదాకా దాన్ని ఆలస్యంగా పలికించాలి. అది మరిస్తే వెనక వరసలవారికి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

ఇక పెళ్లి స్టేజీ. వధూవరుల సింహాసనాలకు సరిపోయే రెండడుగుల ఎత్తు, చదును నేల మీద కుర్చీలు. అయిదో వరస దాటాక నర్తకి పాదాలు కనబడవు. కూచిపూడి చూడ్డానికి వచ్చినవాళ్లకు పాదాలు కనబడకపోతే ఏం చూసినట్టు? మూడు వరసలు జంపఖానాల మీద కూర్చోబెట్టి, వెనక కుర్చీలను ముందువారి భుజాల సందుల్లోకి వచ్చేలా జరిపితే చాలావరకు తీరుతుంది. గ్రానైటు మీద గంటన్నర అడుగు వేస్తే మోకాళ్లు పోతాయి. పైన తివాచీ పరిస్తే అది మడతపడి ఇంకా ప్రమాదం. సన్న దుంగల మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిగించి, అతుకులకు టేపు వేయాలి. నాటకానికైతే 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు, ఇరువైపులా ఆరేసి అడుగుల వింగు (నటులు జనానికి కనబడకుండా నిలబడే పక్క చోటు) కావాలి. హాలు చూడ్డానికి టేపు తీసుకెళ్లండి. యజమాని చెప్పే కొలతలను నమ్మకండి.

కరెంటు సంగతి ముందురోజే తేల్చుకోవాలి. వెయ్యి వాట్ల పాత లైట్లు 20 వెలిగిస్తే 20 కిలోవాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర సుమారు 87 ఆంపియర్లు. త్రీఫేజ్ లేని చోట ఇది కుదరదు. మూడు ఫేజులున్నా లైట్లను, మైకు సెట్టును ఒకే ఫేజు మీద పెడితే స్పీకర్లలో గుయ్యిమంటుంది.

హైస్కూలు ఆరుబయలు రంగస్థలంలో మోత ఉండదు, ఇతర తిప్పలుంటాయి. జనవరిలో రాత్రి ఎనిమిది దాటితే మంచు దిగి మృదంగం, తబలా చర్మాలు వదులై శ్రుతి దిగజారుతుంది. స్టేజీకి పైకప్పు లేకపోతే గుడ్డ పందిరైనా తప్పదు. కాలవ గట్టు రోడ్డు పక్కనే ఉంటే ట్రాక్టర్ల రొద వాద్యాలను మింగేస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వాడకూడదు. ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. మీ తేదీ అందులో ఉందో లేదో పోలీసు అనుమతికి వెళ్లినప్పుడే అడగండి. లేకపోతే పద్య నాటకం సాయంత్రం ఆరున్నరకే మొదలవ్వాలి.

హరికథకు, గాత్ర కచేరీకి గుడి మండపాన్ని మించింది లేదు, సాయంత్రం హారతి వేళ తప్పించుకుంటే చాలు. వీణకు మా ఓటు పాత మండువా లోగిలికే: పెంకుల కప్పు, చెక్క స్తంభాలు, నట్టింట ఆరుబయలు. అరవై మందికి మైకు లేకుండానే వినిపిస్తుంది.

పుష్యంలో పెళ్లిళ్లుండవు గనుక హాళ్లు ఖాళీగా ఉంటాయి, బేరం కుదురుతుంది. మాఘం రాగానే అద్దె పెరగడం అటుంచి, పై అంతస్తులో బ్యాండు మేళం, కింద మన నాటకం అయ్యే ప్రమాదముంది. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ రోజు మొత్తం భవనంలో ఇంకేం ఉన్నాయో రాయించుకోవాలి. కరెంటు యూనిట్లు, జనరేటర్ డీజిల్, శుభ్రం చేసే ఖర్చు అద్దెలో కలిశాయో లేదో కూడా.

మునిసిపాలిటీలకు, హాళ్ల యజమానులకు మా వినతి ఒక్కటే. ప్రతి హాల్లో ఒక కాగితం తగిలించండి: స్టేజీ వెడల్పు, లోతు, ఎత్తు, మంజూరైన కరెంటు లోడు, మేకప్ గదులు, మరుగుదొడ్లు, వెనక దారి. కొలత గోడ నుంచి గోడకు కాకుండా, అలంకారం, సింహాసనాలు పోగా ఆడటానికి మిగిలే చోటు ఎంతో రాయండి.

ఇట్లు,
కొందరు సాంస్కృతిక కార్యక్రమాల నిర్వాహకులు,
పాలకొల్లు