మన ఆర్‌సీ (రేడియో కంట్రోల్) ట్రక్కులు, రాక్ క్రాలర్ల (రాళ్లెక్కే చిన్న రిమోట్ బండ్ల) క్లబ్: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక అందరికీ చేరాలన్నది మన నియమం. నియమం సంగతి అలా ఉంచితే, ఈ ఏడాది ఎవరు రాళ్లు మోశారో, ఎవరు ఎండలో నిలబడి స్కోరు రాశారో ఇప్పుడు రాసి పెట్టకపోతే ఆర్నెల్లకి మనమే మర్చిపోతాం. అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. క్లబ్ ఆశయాలు అందరికీ తెలిసినవే, మళ్లీ ఎత్తుకోను.

ముందు కృతజ్ఞతలు. నెలనెలా రిపేర్ రోజుకి తన కారు షెడ్డు ఖాళీ చేసి ఇచ్చిన మన అధ్యక్షుడికి, కొత్తవాళ్ల బ్యాటరీ కనెక్టర్లన్నీ ఓపిగ్గా సోల్డరింగ్ చేసి పెట్టడమే కాక ఎలా చెయ్యాలో పక్కన కూర్చోబెట్టి నేర్పించిన సహాయ కార్యదర్శికి, విరిగిన గేటు కర్రల (బండి మధ్యలోంచి దాటాల్సిన జంట కర్రల) బదులు పాత ప్లాస్టిక్ పైపులు కోసి, రంగులేసి, నంబర్లు రాసి తెచ్చిన ఇద్దరు సభ్యులకి, పోటీ రోజున పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టాప్‌వాచ్ వదలని మన జడ్జీలకి, ఆదివారాలు మనల్ని ఇటు వదిలేసిన ఇంట్లోవాళ్లకి పేరుపేరునా ధన్యవాదాలు. పేర్లన్నీ సమావేశంలో చదువుతాను, ఒక్కటి కూడా వదలను.

నెలవారీ క్రాలింగ్ (రాళ్ల మీద బండ్లు నడపడం) రెండు నెలలు వానకి రద్దయింది, మిగతా పది నెలలూ జరిగింది. జరిగింది అని రాయడం తేలికే. కోర్సు (బండ్లు ఎక్కే రాళ్ల దారి) వెయ్యడం అంటే ఏంటో చాలామందికి తెలియదేమో అనిపిస్తోంది. మనం వచ్చేసరికి రాళ్లు వాటంతట అవే వరసగా పేర్చి ఉండవు. ఒక్కో రాయీ కదలకుండా కింద చిన్న రాళ్లతో బిగించాలి, పైన కాలుపెట్టి ఊపి చూడాలి, ఎందుకంటే కదిలే రాయి బండి మీద పడితే యాక్సిల్ విరుగుతుంది, పిల్లల కాలి మీద పడితే ఇంకా పెద్ద సంగతి. అయిపోయాక తెచ్చిన రాళ్లు తెచ్చిన చోట పెట్టాలి, మొక్కలు తొక్కకూడదు. ఈ పనికి ఫోన్ గ్రూపులో ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాను. చివరిసారి నా మెసేజ్‌కి బొటనవేలు పెట్టినవాళ్లు 18 మంది, పొద్దున ఆరింటికి వచ్చినవాళ్లు నలుగురు. ప్రతి నెలా ఆ నలుగురే. తొమ్మిదింటికి వచ్చి "మూడో గేటు మరీ కష్టంగా పెట్టారండీ" అనే మాట వినడానికి వాళ్లకి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది వార్షిక పోటీ. పది గేట్లు, పది నిమిషాలు. రివర్స్ వేస్తే 1 పాయింటు, గేటు కర్రకి తగిలితే 10, చేత్తో బండి ముట్టుకుంటే 10, చివరికి ఎవరికి తక్కువ పాయింట్లు వస్తే వాళ్లదే గెలుపు. ఏడో గేటు దగ్గర రెండు పెద్ద బండరాళ్లు ఆనించి, మధ్యలో నిలువుగా ఒక పగులు వదిలాం. పొద్దుట్నుంచీ దాన్ని ఎవరూ దాటలేదు. మూడు సెల్లుల బ్యాటరీ, బ్రష్‌లెస్ మోటారు లాంటి బలమైన సరుకు పెట్టుకొచ్చిన బండ్లు కూడా అక్కడికొచ్చి టైర్లు గిర్రున తిప్పుకుని దుమ్ము లేపి వెనక్కి పల్టీ కొట్టాయి.

మధ్యాహ్నం మన సభ్యుడొకరి కూతురు వచ్చింది, పన్నెండేళ్లు. బండి 1/10 స్కేలు (అసలు బండిలో పదో వంతు), కంపెనీ పెట్టి పంపిన మామూలు బ్రష్డ్ మోటారే. కానీ ఆ అమ్మాయి నాలుగు రిపేర్ రోజులు మా పక్కన కూర్చుని చెప్పిందల్లా బుర్రకెక్కించుకుంది. టాప్ మీద అందానికి పెట్టే లగేజీ క్యారియరు, డబ్బాలు అన్నీ తీసేసింది. ముందు చక్రాల దగ్గర ఇత్తడి నకిల్స్ (చక్రాన్ని పట్టి తిప్పే బరువైన ముక్కలు) వేసింది, బ్యాటరీని వెనకనుంచి ముందుకి జరిపింది. బరువు కిందకీ ముందుకీ వస్తే బండి నిటారు ఎక్కుడులో వెనక్కి తిరగబడదు, అంతే సూత్రం. స్టార్ట్ చెప్పేముందు జేబులోంచి తడిగుడ్డ తీసి నాలుగు టైర్లూ తుడిచింది. మెత్తటి రబ్బరుకి దుమ్ము పట్టిందంటే ఆ మెత్తదనం ఎందుకూ పనికిరాదు, ఇది మనలో ఎంతమంది చేస్తున్నాం?

ఏడో గేటు దగ్గర బండి ముందు ఎడమ టైరు పగుల్లోకి దిగింది. టైరు పక్కగోడ మడతపడి, గుబ్బలు ఒక్కొక్కటే రాతి అంచుని పట్టుకోవడం నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను. వెనక కుడి చక్రం గాల్లో ఉంది. ఇంకొకరైతే అక్కడ ట్రిగ్గర్ గట్టిగా నొక్కేవాళ్లు. ఆ అమ్మాయి వదిలేసింది. డ్రాగ్ బ్రేక్ (ట్రిగ్గర్ వదలగానే మోటారే వేసే బ్రేక్) పట్టుకుని బండి అలాగే గోడకి అతుక్కుని నిలబడింది. అరచక్రం రివర్స్, ఒక పాయింటు పోయింది, పోతే పోయింది, స్టీరింగ్ కొంచెం కుడికి, మళ్లీ నెమ్మదిగా ముందుకి. మోటారు సన్నటి రొద తప్ప ఇంకే చప్పుడూ లేదు, చుట్టూ నిలబడ్డ అందరం ఊపిరి బిగబట్టాం. గేటు కర్రకీ టైరుకీ మధ్య వేలు పట్టేంత సందు. పైకి వచ్చేసింది. ఆ రోజు ఏడో గేటు దాటిన బండి అదొక్కటే. మొదటి బహుమతి రాలేదు, తొమ్మిదో గేటు దగ్గర టైమ్ అయిపోయింది, అయినా ఆ చప్పట్లు నాకు ఇంకా వినబడుతున్నాయి. పార్టులు కొంటే పని అయిపోతుందనుకునే మన పెద్దవాళ్లందరికీ ఆ నిమిషం చూపించాలనిపించింది. చాలామంది అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు.

రిపేర్ రోజుల గురించి. మొదట్లో దీనికి ఎవరొస్తారన్నారు, ఇప్పుడు షెడ్డు సరిపోవట్లేదు. ఏడాది పొడుగునా బల్ల మీదకి వచ్చిన బండ్లు చూశాక నాకు తేలిందొకటే: సగానికి పైగా బండ్లు రాళ్లకి తగిలి పాడవలేదు, చూసుకోక పాడయ్యాయి. మోటారు తిరుగుతోంది గానీ బండి కదలట్లేదు అని తెచ్చిన ప్రతివాళ్లకీ ముందు పినియన్ (మోటారు షాఫ్ట్ మీది చిన్న గేరు) గ్రబ్ స్క్రూ (దాన్ని బిగించే తలలేని స్క్రూ) చూడమన్నాం, అది షాఫ్ట్ చదునుగా ఉన్న వైపు కూర్చోకపోతే వదులై ఊరికే తిరుగుతుంది. పినియన్‌ని స్పర్ గేరుకి (అది తిప్పే పెద్ద గేరుకి) మరీ దగ్గర పెడితే గేరు అరుగుతుంది, దూరం పెడితే పళ్లు ఎగిరిపోతాయి. మధ్యలో సన్నటి కాగితం ముక్క పెట్టి నొక్కి బిగించి, గేరు తిప్పి కాగితం బయటికి తీయండి. మడతలు పడి చిరగకుండా వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఇనుములోకి దిగే ఇనుప స్క్రూకి నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూకి మాత్రం వెయ్యొద్దు, ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది. దాన్ని చేత్తో బిగువు తగిలేదాకా తిప్పి ఆపండి. అరిగిన ఎల్-కీతో తిప్పి స్క్రూ తలలు గుండ్రంగా చేసి తేకండి, అవి తీయడానికే ఒక్కోసారి గంట పట్టింది.

నీళ్లలో నడిపినవాళ్లకి ఇంకో మాట. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నది ఎలక్ట్రానిక్స్‌కి, బేరింగులకి కాదు. ఇంటికెళ్లి సంచిలో అలాగే పడేస్తే వారం తర్వాత చక్రం తిప్పినప్పుడు ఇసుక నమిలినట్టు చప్పుడొస్తుంది. టైర్లకి గాలి పోయే రంధ్రాలు ఉంటాయి కదా, వాటిలోంచి నీళ్లు లోపలి ఫోమ్‌కి పట్టేస్తాయి, చక్రాలు ఊడదీసి నీళ్లు పిండి ఆరబెట్టాలి. యాక్సిల్స్ తెరిచి పాత గ్రీజు తుడిచి నీటికి తట్టుకునే గ్రీజు వెయ్యాలి. 2017లో ట్రాక్సస్ కంపెనీ బండి టీఆర్ఎక్స్-4 వచ్చిన దగ్గర్నుంచి పోర్టల్ యాక్సిల్ బండ్లు మన దగ్గర పెరిగాయి. వాటికి చక్రం దగ్గర అదనంగా గేర్లుండటం వల్ల యాక్సిల్ రాయికి తగలకుండా పైకి లేస్తుంది, మంచిదే, కానీ శుభ్రం చేసుకోవాల్సిన చోట్లు కూడా నాలుగు పెరిగాయని గుర్తుంచుకోండి.

ఒక సీనియర్ సభ్యుడు తమియా కంపెనీ పాత ట్రక్కు క్లాడ్ బస్టర్ తెచ్చినప్పుడు ఆ రోజంతా అందరం దాని చుట్టూనే ఉన్నాం. 1987 మోడల్, ముందు యాక్సిల్‌కి ఒక మోటారు, వెనక యాక్సిల్‌కి ఒక మోటారు, స్టీరింగ్‌కి నాలుగు చక్రాలూ తిరుగుతాయి. అందరి రేడియోలూ 27 మెగాహెర్ట్జ్ మీదే నడిచే రోజుల్లో ఇద్దరి దగ్గర ఒకే క్రిస్టల్ (రేడియో ఛానెల్‌ని నిర్ణయించే ముక్క) ఉంటే ఒకరి బండి ఇంకొకరి మాట వినేదని, అందుకే ఎవరిది ఏ ఛానెలో అడిగాకే స్విచ్ వేసేవాళ్లమని ఆయన చెబుతుంటే 2.4 గిగాహెర్ట్జ్ తప్ప ఇంకోటి చూడని పిల్లలు నోరు తెరిచి విన్నారు. బండికి బేరింగులు మార్చి, గేర్లు కడిగి, కొత్త గ్రీజు వేసి నడిపి ఇచ్చాం.

సంతోషం లేని సంగతి కూడా రాయాలి. నాలుగో నెల క్రాలింగ్‌లో ఒక లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఛార్జింగ్‌లో పొగలు కక్కింది. ముందురోజు రాయికి గుద్దుకుని ఒక మూల సొట్టపడిందట, ఏం కాదులే అని ఛార్జింగ్ పెట్టి ఆ సభ్యుడు బండ్లు చూడ్డానికి వెళ్లిపోయాడు. పక్కనున్నవాళ్లు ఇసుక పోసి ఆపారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత నిబంధన గట్టిగా పెట్టాం: ఉబ్బినా సొట్టపడినా ఆ బ్యాటరీ ఛార్జర్ దగ్గరికి రాకూడదు, ఛార్జింగ్ మంట తట్టుకునే సంచిలోనే, యజమాని పక్కనే ఉండాలి, ఇసుక బకెట్ ఎప్పుడూ సిద్ధం. సెల్‌కి 4.2 వోల్టులు దాటకూడదు, 3 కిందకి దిగకూడదు, వారం పైన వాడకపోతే 3.8 దగ్గర పెట్టి దాచండి. ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టెలో) బ్యాటరీ రకం లైపోకి మార్చారో లేదో కూడా చూసుకోండి. పాత నికెల్ బ్యాటరీ సెట్టింగులోనే నడిపితే బండి మామూలుగానే నడుస్తుంది, వోల్టేజీ పడిపోయి ఆపాల్సిన చోట మాత్రం ఈఎస్‌సీ ఆపదు, బ్యాటరీ చచ్చిపోయాక గానీ తెలియదు. మన దగ్గర ముగ్గురికి ఇలాగే జరిగింది.

మైదానం అనుమతి సంగతి అడుగుతున్నారు. దరఖాస్తు ఇచ్చి ఎనిమిది నెలలైంది. సంబంధిత కార్యాలయానికి నేనూ ఉపాధ్యక్షుడూ ఐదుసార్లు వెళ్లాం, వెళ్లినప్పుడల్లా కొత్త కాగితం అడిగారు, ఒకసారి ఇచ్చిన ఫైలే కనిపించట్లేదన్నారు. రిమోట్ కారు అనగానే పెట్రోలు వాసన, చప్పుడు, ఎవరికో గుద్దుకోవడం అనుకుంటున్నారు. ఇవి బ్యాటరీ బండ్లు సార్, మనిషి నడకకంటే నెమ్మది, రాళ్లెక్కడమే వీటి పని అని బండి చేతికిచ్చి చూపించాం. రేపు రండి అన్నారు. మళ్లీ వెళ్తాం. ఈసారి నాతో ఇంకో ఇద్దరు వస్తే బాగుంటుంది, ప్రతిసారీ సెలవు పెట్టడం నా ఒక్కడివల్ల కావట్లేదు.

ఖాతాలు కోశాధికారి విడిగా ఇస్తున్నారు, ఇద్దరు సభ్యులు సరిచూసి సంతకం పెట్టారు. చందాలు, పోటీ ప్రవేశ రుసుము వచ్చాయి. గేట్లు, ఛార్జర్, సంచులు, బహుమతుల కింద ఖర్చయింది, కొంచెం మిగిలింది. చందా బాకీ ఉన్నవాళ్లు సమావేశానికి ముందే కట్టేయండి, పేర్లు చదివే పరిస్థితి తేవద్దు.

కోర్సు ఇన్‌ఛార్జి పదవి ఖాళీ అవుతోంది. మూడేళ్లుగా చూస్తున్న సభ్యుడు నడుం నొప్పితో తప్పుకుంటున్నారు, ఆయన నడుం నొప్పికి మనందరి వాటా ఉంది. ముందుకొచ్చేవాళ్లు నాకు ఫోన్ చెయ్యండి. సమావేశం ముందురోజు ఆదివారం, పొద్దున ఆరింటికి ఏడో గేటు రాళ్లు తీసి కొత్తగా పేర్చాలి. గేట్ల గది తాళం నా దగ్గర ఉంది, ఐదున్నరకల్లా తీసి ఉంచుతాను, చేతికి గ్లౌజులు తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి