బ్లాకును లూపుతో సరిపెట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో రూబీ భాషపై వచ్చిన వ్యాసం కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి పనికివచ్చేదే అయినా, మెథడ్‌కు (పేరు పెట్టి పిలిచే కోడుకు) బ్లాకును, అంటే పిలిచేటప్పుడు దానికి అప్పగించే కోడు ముక్కను, అందించడమంటే లూపు (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే కోడు) రాయడానికి మరో పద్ధతి అన్నట్టుగా ముగించడం సబబుగా లేదు. జాబితాపై 'ఈచ్' అని పిలిచి ఒక్కో అంశాన్నీ తెరపై చూపించే ఉదాహరణ ఒక్కటే ఇస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. యుకిహిరో మత్సుమోటో 1995లో విడుదల చేసిన ఈ భాషలో బ్లాకులు ఎక్కువగా కనిపించేది అక్కడేనన్నది నిజమే. మెథడ్ తనకు ఇచ్చిన బ్లాకును నడిపించడానికి వాడే 'యీల్డ్' అనే మాట కూడా 1970లలో ఎం.ఐ.టి.లో బార్బరా లిస్కోవ్ బృందం రూపొందించిన సీఎల్‌యూ భాషలోని ఇటరేటర్లలో (అంశాలను ఒక్కొక్కటిగా అందించేవాటిలో) అప్పటికే ఉంది.

అయితే బ్లాకు బలం తెలియాలంటే 'ఫైల్.ఓపెన్'ను చూడాలి. బ్లాకు లేకుండా పిలిస్తే తెరిచిన ఫైలు మన చేతికి వస్తుంది, మూసే బాధ్యతా మనదే అవుతుంది. బ్లాకు ఇస్తే మాత్రం ఫైలును తెరవడం, బ్లాకుకు అందించడం, పని పూర్తయ్యాక, మధ్యలో ఎక్సెప్షన్ (నడుస్తుండగా తలెత్తే లోపం) వచ్చినా సరే, మూసివేయడం అన్నీ ఆ మెథడే చూసుకుంటుంది. ముందూ వెనకా జరగవలసినవి మెథడ్ వంతు, నడిమి పని పిలిచినవారి వంతు. ఇది బోధపడాలంటే విద్యార్థి చేత మూడు వరుసల మెథడ్ రాయిస్తే చాలు: మొదటి వరుసలో అప్పటి సమయం గుర్తుపెట్టుకోవాలి, రెండో వరుసలో 'యీల్డ్' అనాలి, మూడో వరుసలో పట్టిన సమయం చూపాలి. ఇక ఏ కోడునైనా 'డూ', 'ఎండ్'ల మధ్య పెట్టి దానికి అప్పగించవచ్చు. బ్లాకు ఇవ్వకుండా పిలిస్తే 'లోకల్‌జంప్ఎర్రర్' అనే లోపం వస్తుంది కనుక, 'బ్లాక్_గివెన్?' అని ముందే అడిగి చూసుకోవడం మంచిది.

వ్యాసకర్త బ్లాకును 'పేరులేని ఫంక్షన్' అని తేల్చేశారు. ఆ నిర్వచనం 'రిటర్న్' దగ్గర నిలవదు. ఒక మెథడ్ లోపల 'ఈచ్'తో వెతుకుతూ బ్లాకులో 'రిటర్న్' అంటే, ఆ బ్లాకు ఏ మెథడ్‌లో రాసి ఉందో ఆ మెథడే ముగిసిపోతుంది. ఒక్క అంశాన్ని దాటవేయాలంటే 'నెక్స్ట్' అనాలి. లాంబ్డాలో (విలువలా దాచుకుని పిలవగల పేరులేని ఫంక్షన్‌లో) 'రిటర్న్' అయితే లాంబ్డాతోనే ఆగుతుంది. జావాస్క్రిప్ట్ నేర్చుకుని వచ్చినవారు తికమకపడేది సరిగ్గా ఇక్కడే, అటువంటిది వ్యాసంలో దీని ఊసే లేదు. బ్లాకును చుట్టే ఫ్లవర్ బ్రాకెట్లూ, డూ-ఎండ్ ఒకటేనని రాయడం కూడా పూర్తిగా సరికాదు: తెరపై చూపించే 'పుట్స్' పక్కన, ఒక్కో అంశాన్నీ మార్చి కొత్త జాబితా ఇచ్చే 'మ్యాప్' రాసి డూ-ఎండ్ బ్లాకు తగిలిస్తే అది 'పుట్స్'కు చెందుతుంది, తెరపై ఫలితాలకు బదులు ఎన్యూమరేటర్ (బ్లాకు అందక ఇంకా నడవని 'మ్యాప్') వివరం కనిపిస్తుంది.

రెండో భాగం వస్తుందని ప్రకటించారు కనుక, అందులో 'యీల్డ్'తో సొంతంగా మెథడ్ రాసే ఉదాహరణ ఒకటైనా వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం